తిత్తిలో ఆదివారం

దల్వీనా చేసిన తప్పు ఒక్కటే. నలభై మందికి నలభై జతల బట్టలు ఒక్క పోగు తేడా లేకుండా కుట్టింది. అందువల్ల కార్నివాల్ ఆదివారం మధ్యాహ్నం, పార్కు నిండా పిల్లాజెల్లా తిరుగుతుండగా, ఇనప కడ్డీ పట్టుకుని మనిషిని చంపడానికి పోతున్న తన కూతుర్ని తానే గుర్తుపట్టలేకపోయింది.

మామూలు రోజుల్లో ఆ ఇంట్లో పొద్దు ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది. దల్వీనా లేచి పొయ్యి వెలిగించేది. పొయ్యి పక్కన కొక్కేనికి వేలాడే ఎద్దు ఉచ్చతిత్తి మీంచి గళ్ళ తువాలు తీసేది. తిత్తి గొంతు సవరించుకునేది.

"దల్వీనా, కాఫీ అయిందా?"

కాసేపాగి, "నా మేజోళ్ళు ఎక్కడ పెట్టావ్?" అనేది. బయట కుంభవృష్టి పడుతున్నా, "ఇవాళ ఎండ మాడ్చేస్తుందే" అనేది. చివరికి కేక పెట్టేది: "చీమా! ఒసే చీమా! ఎక్కడ చచ్చావే? వచ్చి నా బూటు తాళ్ళు కట్టు!"

అది దల్వీనా మొగుడు ఒజేయాస్ ఊపిరి. మా ఒస్వాల్దో క్రూజ్ పేటలో కార్నివాల్ వచ్చిందంటే మగవాళ్ళు దండులు కట్టి, ముసుగులేసుకుని, కుచ్చిళ్ళ బట్టలు తొడుక్కుని, కర్రకి కట్టిన తిత్తులు రోడ్డుకేసి బాదుతూ ఊరేగుతారు. ఇప్పుడు చాలామంది ప్లాస్టిక్ బంతులు కడుతున్నారు గానీ, ఒజేయాస్‌కి అవి నచ్చేవి కావు. కబేళా నుంచి ఎద్దు తిత్తి తెప్పించి, ఉప్పేసి కడిగి, ఎండబెట్టి, కార్నివాల్ ఆదివారం పొద్దున్నే నోటితో ఊదేవాడు. ఆ పార్కు ఆదివారానికి ఎనిమిదేళ్ళ కిందట అలాగే రెండు ఊదాడు. ఒకటి పట్టుకెళ్ళాడు. రెండోది ఇంట్లో ఉండిపోయింది. పొద్దున ఊదిన ఊపిరి కాబట్టి దానికి ఆ పొద్దు మాత్రమే తెలుసు. సాయంత్రం ఏం జరిగిందో తెలియదు. చెబుదామన్నా దానికి నోరే గానీ చెవులు లేవు.

పేటలో ఎవరికీ ఇది వింతగా అనిపించలేదు. గ్యాస్ బండ తెచ్చేవాడు గుమ్మంలోంచే, "బావున్నావా ఒజేయాస్ అన్నా?" అని అరిచి సంతకం చేయించుకుపోయేవాడు. మాట్లాడిన కొద్దీ తిత్తి వెంట్రుకవాసి చొప్పున ముడుచుకుపోతోందని దల్వీనా ఎప్పుడో గమనించింది. అందుకే రాత్రిళ్ళు తువాలు కప్పి నోరు మూయించేది. జాగ్రత్తగా వాడుకుంటే తన ముసలితనం దాకా వస్తుందని ఆమె అంచనా.

ఒజేయాస్ తిత్తులు ఊదిన ఆ సాయంత్రం జరిగింది ఇది. రైలు వంతెన కింద ఒజేయాస్ వాళ్ళ పిడుగు దండుకీ, పక్క పేట చిరుత దండుకీ కొట్లాట అయింది. చిరుతల్లో ఒకడు రోడ్డు పక్క రాతి పలక పెరికి ఒజేయాస్ తల మీద వేశాడు. పడిపోయాక మళ్ళీ వేశాడు. దల్వీనా వెళ్ళేసరికి ముసుగు మొహానికి అంటుకుపోయి ఉంది. కత్తెరతో కోసి తీసింది. ఆమె ఏడవలేదని తర్వాత ఆడవాళ్ళు చెప్పుకున్నారు. కోసేటప్పుడు చెయ్యి వణికితే చర్మం తెగుతుంది కదా.

స్టేషన్లో అడిగారు: "ఎవడు వేశాడో చెప్పండి."

"చిరుతల పెద్ద జెనివాల్దో" అన్నారు పిడుగులందరూ.

"మొహం చూశారా?"

చూడలేదు. చిరుతలు ముప్ఫై మందీ ఒకే పసుపు బట్ట, ఒకే ముసుగు. వాళ్ళలో ఎవడైనా అయ్యుండొచ్చు. జెనివాల్దో మూడు వారాలు నోరు మూసుకుని, నాలుగో వారం బీరు కొట్లో తనే వేశానని గొప్పలు చెప్పుకున్నాడు. కేసు అక్కడే ఆగింది.

అలాగని ఒజేయాస్ నోట్లో వేలు పెడితే కొరకలేనివాడేం కాదు. అంతకు ముందు ఏడాది జెనివాల్దో తమ్ముడి దవడ విరగ్గొట్టింది అతనే. ఆ తమ్ముడు ఇవాళ్టికీ జావే తాగుతాడు. దల్వీనాకి అదీ తెలుసు. తెలిసినంత మాత్రాన మొగుడి మొహం కత్తెరతో కోసిన రోజు మర్చిపోదు.

ఒజేయాస్ పోయిన ఎనిమిదేళ్ళకి, జనవరిలో, పిడుగు దండు పెద్ద బీరా ఇంటికొచ్చాడు. నిలువెత్తు మనిషి, గొంతు మాత్రం పిల్లవాడిది.

"అక్కా, శుభవార్త. ఈసారి కార్నివాల్ ఆదివారం మున్సిపాలిటీ వాళ్ళు పార్కులో కుటుంబాల పండగ పెడుతున్నారు. దండులన్నీ రావాలి. పిల్లలకి బొమ్మలాట, మొహాలకి రంగులు, బట్టల పోటీ. కొట్లాటలు ఉండకూడదని షరతు."

"ఎవరికి పెట్టారు షరతు? కుక్కలకి మొరగొద్దని చెప్పినట్టుంది."

"లేదక్కా, ఈసారి నిజంగా. వేదిక మీద నేనూ జెనివాల్దో చెయ్యి కలపాలట. ఫొటోలు తీస్తారట." బీరా తిత్తి వైపు ఓరగా చూశాడు. "నువ్వు వద్దంటే మానేస్తాను."

"కాఫీ అయిందా?" అంది తిత్తి.

"నీ చెయ్యి, నీ ఇష్టం" అంది దల్వీనా. "కలిపాక సబ్బుతో కడుక్కో. బట్టల రంగేంటి ఈసారి?"

ఆ మాట వినగానే లోపలి గదిలోంచి జసియారా వచ్చింది. దల్వీనా ఒక్కగానొక్క కూతురు. పందొమ్మిదేళ్ళు, పిట్టంత మనిషి. వారమంతా మందుల షాపులో కౌంటర్ దగ్గర నిలబడుతుంది. తండ్రి చీమా అని పిలిచింది ఈ పిల్లనే. ఆయనకి నడుం పట్టేసి వంగలేకపోతే, ప్రతి పండక్కీ మోకాళ్ళ మీద కూర్చుని బూటు తాళ్ళు కట్టేది. ఆయన పోయాక ఆ పేరుతో ఆమెను తిత్తి తప్ప ఎవరూ పిలవలేదు. పిలవనివ్వలేదు కూడా.

"బీరా మామా, ఈసారి నేనూ దిగుతున్నా" అంది.

"నువ్వా? ముసుగేస్తే మోకాళ్ళ దాకా వస్తుందే నీకు."

"నువ్వు ముసుగేసుకున్నా లాభం లేదుగా మామా, నోరు తెరిస్తే మీ అమ్మ పాలకి పిలుస్తుంది."

బీరా పడీపడీ నవ్వాడు. అంతటితో ఒప్పుకున్నట్టే.

అతను వెళ్ళాక జసియారా మిషను పక్కన కూర్చుంది. "అమ్మా, చిరుతల బట్టలు చూశావుగా, ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మనవేమో ఒకడి భుజం పైకి, ఒకడి కుచ్చిళ్ళు కిందకి. పోటీలో ఓడిపోయేది అందుకే."

"నా కుట్టుకి వంక పెడుతున్నావా?"

"నీకు చేతనవుతుందా లేదా అని అడుగుతున్నా. పొట్టివాళ్ళకి బూట్లో అట్టలు, సన్నవాళ్ళకి భుజాల్లో దిండ్లు. వరసలో నిలబెడితే ఎవరు ఎవరో దేవుడు కూడా చెప్పలేనట్టుండాలి."

చేతకాదని ఎవరైనా అంటే దల్వీనాకి నిద్ర పట్టదు. రెండు నెలలు కిటికీలు మూసి కుట్టింది. రంగు బయటపడకుండా కత్తిరింపు ముక్కల్ని రోజూ పెరట్లో తగలబెట్టింది. నీలం మీద వెండి తళుకులు, నడుం నుంచి గొడుగులా విచ్చుకునే కుచ్చిళ్ళు, చేతులకి తెల్ల తొడుగులు, జాలీ గుడ్డ ముసుగు మీద నవ్వుతున్న ఎర్ర మూతి. కూతురికి మూడు వేళ్ళ మందం అట్ట పెట్టింది, భుజాలకి రెట్టింపు దూది కుక్కింది. తొడిగి చూపిస్తే నిజంగానే పోల్చుకోలేకపోయింది. గర్వంగా నవ్వింది కూడా. ఆ పిల్ల ఎందుకు అడిగిందో ఒక్కసారైనా ఆలోచిస్తే బావుండేది. ముసుగు వెనక దాక్కుంటే స్టేషన్ వాళ్ళకి దొరకరని నేర్పింది జెనివాల్దోయే. పిల్ల పాఠం బాగా నేర్చుకుంది.

ఆదివారం నడి పొద్దుకి బీరా వాళ్ళ గేటు తెరుచుకుంది. తారాజువ్వలు లేచాయి. సౌండు పెట్టెల్లోంచి పాట బద్దలైంది. నలభై నీలం ముసుగులు తిత్తులు బాదుకుంటూ ఒక్కసారిగా వీధిలోకి దూకాయి. చంకలో పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు కేకలు పెట్టారు. దల్వీనా గోడ పక్కన నిలబడి కుట్లు చూసుకుంది. ఒక్కటీ పిగల్లేదు.

ఏడాదికి ఈ ఒక్కరోజే తిత్తి చెప్పేవన్నీ నిజమయ్యేవి. ఎండా నిజం, మేజోళ్ళూ నిజం. అందుకని దల్వీనా ప్రతి కార్నివాల్ ఆదివారం దాన్ని సంచీలా మోచేతికి తగిలించుకుని బయటికి తీసుకెళ్ళేది. ఈసారీ తిత్తి కోసమే ఇంటికి వెనక్కి వచ్చింది. కొక్కెం నుంచి దించుతుంటే పక్క గదిలో నీలం గుడ్డ తాను నేల మీద దొర్లి కనిపించింది. గుడ్డ చుట్టి ఉండే ఇనప కడ్డీ లేదు. దాని బదులు జసియారా తిత్తికి కట్టాల్సిన కర్ర గోడకి ఆనించి ఉంది.

దల్వీనా పొయ్యి మీద బఠానీలు ఉడుకుతున్న సంగతి మర్చిపోయి పరుగెత్తింది.

పార్కులో పండగ కళకళలాడుతోంది. పీచు మిఠాయి, మొక్కజొన్న కంకులు, గాలి నింపిన జారుడుబండ. మొహాలకి పులిచారలు గీయించుకున్న పిల్లలు వరసలో నిలబడి ఏడుస్తున్నారు. మైకులో ఒక అమ్మాయి, "కుటుంబాలకి స్వాగతం, పండగంటే ప్రేమ" అని పదేపదే చెబుతోంది. వేదిక మీద బీరా ముసుగు తీసి నిలబడ్డాడు. పక్కన జెనివాల్దో. ముసుగు లేదు, తొడుగులు లేవు. జుట్టంతా నెరిసింది, పొట్ట వచ్చింది. ఆ ఏడాది తాత వేషం అతనిది: చేతిలో నాలుగేళ్ళ మనవరాలు, దానికి చిన్న పసుపు బట్ట. ఫొటో కోసం చేతులు కలిపారు. జనం చప్పట్లు కొట్టారు. దల్వీనా అప్పుడే వేదిక ముందుకొచ్చి, వరసలో నిలబడ్డ నీలాల్ని చూసింది. ముప్ఫై తొమ్మిది ఎర్ర మూతులు ఆమెను చూసి నవ్వాయి.

"జసియారా!" అని పిలిచింది. పాట మింగేసింది.

ఇంతలో చిరుతల జెండా ఎవరో లాగారు. ఎవరన్నది ఇవాళ్టిదాకా తేలలేదు. జెండాకి నిప్పంటుకుంది. ఆ తర్వాత ఒక నీలం ముసుగు మీద కర్ర పడింది. ఆ మనిషి మోకాలు పక్కకి వంగిన చప్పుడు పాటలో కూడా వినిపించింది. రెండు దండులూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. బండ్ల మీది ఎండ గొడుగులు విరిచి ఊచలు లాగారు. తిత్తుల కర్రలు తిరగేసి కణతల మీద కొట్టుకున్నారు. ఒకడు పళ్ళు ఉమ్మి, నేల మీద వెతుక్కుంటుంటే వాడి చేతి వేళ్ళ మీదుగా పది మంది నడిచారు. మొక్కజొన్న బండి తిరగబడి మరిగే నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి. మైకు పిల్ల "ప్రేమ" దగ్గర ఆగిపోయి పారిపోయింది. తల్లిదండ్రులు జారుడుబండ కింద పిల్లల్ని కుక్కి, పైన పడుకున్నారు.

దల్వీనా ఆ గుంపులోకి మోచేతులతో తోసుకుంటూ దూరింది. కనిపించిన ప్రతి నీలం ముసుగునీ పట్టి తిప్పింది. "నువ్వేనా? నువ్వేనా?" ఒకడు ఆమె డొక్కలో గుద్దాడు. తర్వాత గొంతు గుర్తుపట్టి, "దల్వీనక్కా, పో ఇక్కణ్ణుంచి!" అని మూలిగాడు. ఇంకొకడి ముసుగు ఊడదీస్తే మొహం లేదు, ముక్కు ఉండాల్సిన చోట రక్తం బుడగలు. అందరి భుజాలూ ఒకటే. అందరి ఎత్తూ ఒకటే. ఆమె రెండు నెలల కష్టం చుట్టూ గిర్రున తిరుగుతోంది.

అప్పుడు వేదిక మెట్ల దగ్గర జెనివాల్దో కనిపించాడు. కొట్లాటలో లేడు. మెట్ల చాటున మనవరాల్ని నిలబెట్టి, వంగి దాని ముక్కు తుడుస్తున్నాడు. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. నెరిసిన మెడ ఎండలో బోసిగా మెరుస్తోంది. అతని వెనక అయిదారు నీలం ముసుగులు. ఒకదాని చేతిలో కర్ర, ఒకదాని చేతిలో గొలుసు, ఒకదాని చేతిలో ఏముందో కుచ్చిళ్ళ చాటున కనిపించడం లేదు. అందరూ అటే నడుస్తున్నారు. వాళ్ళలో ఎవరు తన పిల్లో తెలిస్తే మీద పడి పట్టుకోవచ్చు. తప్పు మనిషిని పట్టుకుంటే ఈలోగా కడ్డీ కిందకి దిగుతుంది. చెయ్యి అందని దూరం. గొంతు వినిపించని దూరం.

ఆమె మోచేతికి తిత్తి వేలాడుతోంది. లోపల ఎనిమిదేళ్ళ పొదుపు.

దల్వీనా దాన్ని మెడ దగ్గర పట్టుకుని, తల మీదుగా లేపి, ఉన్న బలమంతా పెట్టి సిమెంటు నేలకేసి బాదింది.

తిత్తి పగిలింది. అంత చప్పుడు ఏ తారాజువ్వా చెయ్యలేదు. లోపలున్న పొద్దంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. కాఫీ వాసన వచ్చిందని తర్వాత కొందరు చెప్పారు. పార్కు ఆ చివర నుంచి ఈ చివర దాకా, పాట మీదుగా, అరుపుల మీదుగా, నిద్ర తీరిన మనిషి హుషారు గొంతు దొర్లింది:

"ఇవాళ ఎండ మాడ్చేస్తుందే! చీమా! ఒసే చీమా! ఎక్కడ చచ్చావే? వచ్చి నా బూటు తాళ్ళు కట్టు!"

కొట్టుకునేవాళ్ళు కొట్టుకుంటూనే ఉన్నారు. వాళ్ళకి అది ఎవరింటి పిలుపో. నీలం ముసుగుల్లో ఒక్కటి మాత్రం ఉన్నచోటనే ఆగిపోయి, మోకాళ్ళ మీద కూలబడి, చేతులు ముందుకి చాపింది. లేని బూటు కోసం నేల మీద తడుముకుంది. ఆ చేతిలోంచి ఇనప కడ్డీ జారి మోగింది.

సరిగ్గా ఆ క్షణంలోనే వెనకనుంచి ఒక పసుపు ముసుగు ఇనప ఊచ విసిరింది. తల ఉండాల్సిన చోట తల లేదు. ఊచ గాలి కోసుకుంటూ పోయి వేదిక చెక్కలో దిగబడి ఊగింది.

దల్వీనా నాలుగు అంగల్లో అక్కడుంది. కడ్డీ మీద కాలేసి తొక్కింది. ముసుగు తియ్యలేదు, చుట్టూ ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు. కుచ్చిళ్ళు పట్టి లేపింది. తన కుట్టు తన చేతిలోనే పర్రున చిరిగింది. ముసుగు మీదనే లెంపకాయ కొట్టింది, తళుకులు అరచేతికి అంటుకున్నాయి. ఇంకోటి కొట్టింది.

"నాన్న పిలిచాడమ్మా" అంది ముసుగు లోపలి గొంతు.

"పిలిచాడు. అయిపోయాడు. నడువ్."

జెనివాల్దో లేచి నిలబడ్డాడు. అతను కడ్డీనీ, చెక్కలో ఊగుతున్న ఊచనీ, చిరిగిన తిత్తినీ చూశాడు. పెదాలు తెల్లబడ్డాయి. ఆ గొంతు చివరిసారి విన్నది అతనే మరి.

"దల్వీనా..." అన్నాడు.

"నోరు ముయ్యి. పిల్లని ఇంటికి తీసుకుపో. దాని ముక్కు ఇంకా కారుతోంది."

తల్లీ కూతుళ్ళు రైలు పట్టాల వెంట నడిచి ఇంటికొచ్చారు. బఠానీలు గిన్నెకి అంటుకుని నల్లగా మాడిపోయి ఉన్నాయి. ఇల్లంతా పొగ. జసియారా అట్టలు పెట్టిన బూట్లు విప్పుకుని, మళ్ళీ పిట్టంత అయిపోయి, కొక్కెం కింద గోడకి చేరగిలబడింది. దల్వీనా గిన్నె తోముతూ కూర్చుంది. మర్నాడు పొద్దున వంటింట్లో కాఫీ అయిందా అని ఎవరూ అడగలేదు. అయింది. తాగారు.

పార్కు కొట్లాటలో పిడుగుల్లో ఒకడు కన్ను పోగొట్టుకున్నాడు, చిరుతల్లో ఇద్దరు నెలల తరబడి మంచం దిగలేదు. ఎవరు ఎవర్ని కొట్టారో స్టేషన్లో ఈసారీ తేలలేదు. అన్నీ ఒకే రకం ముసుగులు కదా.

మరుసటి ఏడాది జనవరిలో బీరా కొత్త రంగు చెప్పడానికి వచ్చాడు. గుమ్మంలో అలవాటుగా, "బావున్నావా అన్నా" అనబోయి, నాలిక కరుచుకున్నాడు.

"కుడతాను" అంది దల్వీనా. "కానీ ప్రతివాడూ ఇంటి నుంచి అరచేయంత గుడ్డముక్క తేవాలి. అమ్మ పూల గుడ్డో, పెళ్ళాం పరికిణీయో, పిల్ల పక్కబట్టో. ముసుగు వెనక, మెడ మీద కుడతాను. ఎవరిది వాళ్ళదే."

బీరా గొంతు ఇంకా సన్నబడింది. "అక్కా, పరువు పోతుంది! ఎవడెవడో తెలిసిపోతే ఇంక ముసుగెందుకు? పోటీలో గుమ్మం కూడా తొక్కనివ్వరు."

"తొక్కొద్దు."

"పోనీ లోపలివైపు కుట్టు, కనపడకుండా."

"బయటివైపే. పారిపోయేవాడి వీపు చూసినా తెలియాలి."

"ఇంకో దర్జీ దగ్గరికి పోతాం మరి."

"పో. తలుపు వేసి పో."

పోయాడు. ఆ ఏడాది బట్టలు మొదటి గెంతుకే చంకల్లో పిగిలాయి, సగం దండు చేతులు పైకెత్తకుండా ఊరేగింది. పై ఏడాది బీరా గుడ్డముక్కల మూట చంకన పెట్టుకుని తిరిగొచ్చి మిషను మీద పెట్టాడు. పైనే వాళ్ళమ్మ పూల గుడ్డ ఉంది. జసియారా పొయ్యి పక్క నుంచి పాత గళ్ళ తువాలు తెచ్చి, ఒక మూల కత్తిరించి ఆ మూటలో పడేసింది.

పిడుగు దండు అప్పట్నుంచి ఒక్క పోటీ గెలవలేదు. బతిమాలారు, బెదిరించారు, ఒక ఏడాది కిటికీ అద్దాలు కూడా పగలగొట్టారు. మెడ మీద గుడ్డముక్క లేని ముసుగు ఒక్కటి కూడా దల్వీనా మిషను దాటి బయటికి పోలేదు.